డియెంగ్ నేపథ్యంగా నవల రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల మొదటి మూడు అధ్యాయాలు చదివాను. వాక్యం నీ చేతికి లొంగింది, దాని మీద నేను చెప్పేదేం లేదు. లొంగనిదల్లా ఊరే. ఇండొనేషియాలోని మధ్య జావాలో, డియెంగ్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి 2,000 మీటర్ల ఎత్తున ఆలుగడ్డ పండించే ఊళ్ళో కథ పెట్టుకున్నావు. రెండో పేజీకే కొబ్బరిచెట్లు, వాటి కింద పచ్చటి వరిచేను! ఆ చలిలో కొబ్బరి బతకదు. జావాలో 1,500 మీటర్లు దాటాక వరి దాదాపు కనబడదు. అక్కడివాళ్ళు బియ్యం కొనుక్కునే తింటారు. ఒకప్పుడు మొక్కజొన్నను నానబెట్టి, విసిరి, ఆవిరి మీద ఉడికించి అన్నంలా తినేవారు. నీ కథలో ముసలమ్మ తెల్లన్నం చూసి మొహం చిట్లించినా నమ్ముతాను గానీ, ఆమెకు వరిమడి ఇస్తే నమ్మను.

ఒకటే మాట చెబుతాను, మిగతాదంతా దానికి వివరణే. ముందు పంటను కథలోకి తెచ్చుకో, మనుషులు దాని వెంట వస్తారు. ఎవరు ఎవరికి బాకీ, పెళ్ళి ఎందుకు ఆగింది, కొడుకు జకార్తా ఎందుకు పోయాడు, ఇవన్నీ ఆ ఊళ్ళో ఆలుగడ్డ బోదెలోంచి తవ్వి తీయాల్సినవే. పొగమంచు మీద నువ్వు రాసిన నాలుగు పేజీల్లో ఒక్క దుంప కూడా లేదు.

చలి సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే నీ మొదటి మలుపు దాని మీదే ఆధారపడింది. డిసెంబరులో ఆకుల మీద నీరు గడ్డకట్టి చేను మాడిపోయిందని రాశావు. మనకు డిసెంబరంటే చలి కాబట్టి చెయ్యి అలా పోయింది. డియెంగ్ భూమధ్యరేఖకు దక్షిణాన 7 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ డిసెంబరంటే జోరువాన. రాత్రంతా మబ్బు కప్పుకుని ఉంటే నేల వేడి పైకి పోదు, మంచు గడ్డకట్టదు. గడ్డకట్టేది వానల్లేని పొడికాలంలో, అంటే జూన్ ఆఖరు నుంచి ఆగస్టు దాకా, ఒక్కో ఏడు సెప్టెంబరులోనూ. మబ్బుండకూడదు, గాలి ఆడకూడదు. అప్పుడు బరువైన చల్లగాలి వాలు మీంచి జారి పల్లంలో నిలుస్తుంది. అందుకే అక్కడి పాత అర్జున గుడుల చుట్టూ ఉన్న చదును పొలాలు ముందు దెబ్బతింటాయి, కొండవాలు మీద చేను చాలాసార్లు తప్పించుకుంటుంది. ఒకే రాత్రి ఒక అన్న చేను పోయి, తమ్ముడి చేను నిలవడానికి ఇంతకంటే మంచి కారణం నీకు ఎక్కడ దొరుకుతుంది? దేవుడి శాపం అక్కర్లేదు, వాటాల్లో పల్లం ఎవరికి పడిందో ముందే చెప్పి ఉంచితే చాలు.

దాన్ని ఊళ్ళో ఎంబున్ ఉపాస్, విషపు మంచు అంటారు. తెల్లారేసరికి ఆకు తెల్లగా ఉంటుంది, ఎండెక్కాక నల్లబడి వేలాడుతుంది. కాబట్టి రైతు పరుగంతా సూర్యుడి కంటే ముందే. పైపు పెట్టి నీళ్ళు చల్లి మంచును కడిగేస్తారు, కొందరు ముందురాత్రే వలలు కప్పుతారు. నెల లోపు మొక్క అయితే మళ్ళీ చిగురు వేయవచ్చు. దుంప ఊరే వయసులో ఆకు పోతే ఊరడం అక్కడితో ఆగుతుంది. కోతకు దగ్గరపడిన చేనైతే వచ్చినకాడికి తవ్వేస్తారు. నీ నాయకుడి చేను వయసెంతో నువ్వెక్కడా చెప్పలేదు. అది చెప్పకుండా అతను ఏడిస్తే ఎంత నష్టానికి ఏడుస్తున్నాడో నాకెలా తెలుస్తుంది? ఈ రోజుల్లో అదే మంచును చూడటానికి నగరాల నుంచి జనం వచ్చి గుడి ముందు గడ్డి మీద ఫొటోలు దిగుతారు. నీ కథాకాలంలో ఇది లేదు గానీ, కొనసాగింపు రాస్తే గుర్తుంచుకో.

ఇక పంట. అక్కడ ఎక్కువగా వేసేది గ్రానోలా రకం, 100 రోజులకు అటూ ఇటూగా చేతికొస్తుంది. వాలు నిటారుగా ఉంటుంది కాబట్టి ట్రాక్టర్ ఎక్కదు, అంతా చేతిపారతో పనే. బోదెల మధ్య 70, 80 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 30. హెక్టారుకు టన్నున్నర నుంచి 2 టన్నుల విత్తన దుంప పోస్తారు. దాని కింద కోళ్ళ ఎరువు, 10 నుంచి 20 టన్నులు. మైదానంలోని కోళ్ళ ఫారాల నుంచి గోతాల్లో లారీలెక్కి వస్తుంది, రోడ్డు పక్కన దిగుతుంది, అక్కణ్ణుంచి చేలోకి భుజాల మీదే. నీ ఊరు మల్లెపూల వాసన కొడుతోంది. డియెంగ్ ఊరు నాటే రోజుల్లో కోళ్ళ పెంట వాసన కొడుతుంది, ఈగలు ముసురుతాయి. ఆ వాసన పెట్టు, మల్లెలు తీసెయ్.

మూడు నాలుగు వారాలకు మట్టి ఎగదోయాలి. లేకపోతే దుంప పైకి తేలి ఎండ తగిలి పచ్చబడుతుంది, దాన్ని ఎవరూ కొనరు. వానాకాలం అసలు శత్రువు లేట్ బ్లైట్ అనే ఆకుమాడు తెగులు. తడి ఆకు, చల్లటి గాలి దొరికితే వారం పది రోజుల్లో చేను చేనంతా తుడిచేస్తుంది. అందుకే వానల్లో మూడు నాలుగు రోజులకోసారి మందు కొడతారు. కొట్టిన గంటకే వాన వస్తే మందూ, డబ్బూ కాలవలో పోయినట్టే. ఆకు పండాక తీగ కోసేసి, తొక్క గట్టిపడేదాకా వారం, రెండు వారాలు దుంపను నేలలోనే ఉంచి, పొడి రోజు చూసి తవ్వుతారు. తడి మట్టిలో తవ్విన దుంప గోతంలోనే కుళ్ళుతుంది.

నువ్వు చేసిన పెద్ద పొరపాటు ఇక్కడుంది: మూడో అధ్యాయంలో పొద్దున తవ్విన దుంపను సాయంత్రం మళ్ళీ నాటించావు. కొత్త దుంప నిద్రలో ఉంటుంది, మొలకెత్తడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. విత్తనానికి చిన్న, మధ్యరకం దుంపలు ఏరి, నీడ వెలుతురులో బల్లల మీద పరిచి, పొట్టి గట్టి మొలక వచ్చేదాకా ఆగుతారు. ఆ బల్లలు ఇంట్లోనే ఉంటే కథకు ఇంకా మంచిది. అప్పులవాడు వచ్చినప్పుడు మొదట చూసేది వాటినే. విత్తనం తినేశారా, అమ్మేశారా, ఉంచారా అన్నది ఒక్క చూపుతో తెలిసిపోతుంది. సొంత విత్తనమే ఏళ్ళ తరబడి తిప్పితే వైరస్ చేరి దిగుబడి తగ్గుతుంది. ఆ సంగతి తెలిసీ, కొనే డబ్బు లేక అదే నాటే రైతు నీకు కావాలి.

బోదెలు వాలుకు అడ్డంగా కాక, పైనుంచి కిందికి నిలువుగా తీస్తారు. బయటివాళ్ళందరూ దీన్ని చూసి, మట్టి కొట్టుకుపోతుంటే తెలియదా వీళ్ళకు అంటారు. తెలుసు. అడ్డంగా తీస్తే కాలవలో నీరు నిలుస్తుంది, దుంప కుళ్ళుతుంది, తెగులు ముదురుతుంది. నిలువుగా తీస్తే ఈ పంట దక్కుతుంది, నేల పోతుంది. ఆ పోయిన మట్టి సెరాయు నది పట్టుకుని బంజర్‌నెగర దగ్గరి మ్రిచా జలాశయంలో పేరుకుంటోంది. నీ పాత్రల్లో ఒకణ్ణి వ్యవసాయాధికారిగా పెట్టి ఉపన్యాసం ఇప్పించావు కదా, అతని మాటకు రైతు తలవంచి ఊరుకున్నాడు. ఊరుకోడు. కుళ్ళిన దుంపకు డబ్బు మీరిస్తారా అంటాడు. ఆ ప్రశ్నకు జవాబు లేకపోవడంలోనే సన్నివేశం ఉంది.

డబ్బు తిరిగే దారి రాసుకో. విత్తనం, ఎరువు, మందు వ్యాపారి అరువిస్తాడు, పంట అతనికే అతను చెప్పిన ధరకు పోతుంది. ఇంకో దారి తెబాస్: చేను నేలలో ఉండగానే గుత్తకు అమ్మేయడం. కొన్నవాడే కూలీలను పెట్టి తవ్వుకుంటాడు. దుంప ఎంతుందో ఇద్దరూ అంచనా మీదే బేరమాడతారు, ఒకటి రెండు మొక్కలు పీకి చూస్తారు. ఏ మొక్క పీకాలన్న దగ్గర జరిగే తగువు రెండు పేజీలకు సరిపోతుంది. భూమి లేనివాడు మారో చేస్తాడు, అంటే సగం పంట భూమిగలవాడిది. అప్పట్లో గ్రామాధికారికి జీతం బదులు ఊరి ఉమ్మడి భూమి సాగుకు ఇచ్చేవారు, దాన్ని బెంకొక్ అంటారు. నీ కథలో అతను ఎన్నికకు అంత ఖర్చెందుకు పెట్టాడో దీంతో తేలుతుంది.

నీది 1998 కథ. ఏడాది బాగా ఎంచుకున్నావు గానీ దాన్ని వాడుకోలేదు. 1997 జూలైలో డాలరుకు 2,400 దగ్గరున్న రూపియా 1998 మధ్యలో 16,000 దాకా పడిపోయింది. దిగుమతి ముడిసరుకుతో తయారయ్యే మందులు ఏమయ్యాయో ఊహించు. మేలో దేశాధ్యక్షుడు సుహార్తో దిగిపోయాక పై అధికారం సడలి, జావా అంతటా ప్రభుత్వ అడవులు నరికారు, డియెంగ్ కొండలు కూడా ఆలుగడ్డ చేలయ్యాయి. నీ నాయకుడి మామకు హఠాత్తుగా కొండ మీద కొత్త చేను ఎక్కడిదో ఇప్పుడు చెప్పగలవు. ఊరి పెద్దలకు 1979 ఫిబ్రవరి 20 కూడా గుర్తుండాలి. ఆ తెల్లవారుజామున సినిలా అనే అగ్నిపర్వత బిలం పేలింది. పారిపోతున్న జనాన్ని నేల పగుళ్ళలోంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ చంపింది, 140 మందికి పైగా పోయారు. గాలి కంటే బరువైన వాయువది. పల్లాల్లో, దారి పక్క గోతుల్లో నిలుస్తుంది, కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. అప్పుడు పదేళ్ళున్నవాడికి నీ కథలో ముప్పై దాటవు. అతను గాలి ఆడని పొద్దున పల్లం చేలోకి దిగకపోతే కారణం చెప్పకు, దిగలేదని మాత్రం రాయి.

జటలు కట్టిన పిల్లల గురించి ఒక అధ్యాయం పెట్టావు. డియెంగ్ అనగానే ప్రతివాడూ రాసేది అదే, సగానికి తగ్గించు. కొందరు పిల్లలకు తీవ్రంగా జ్వరం వచ్చి తగ్గాక జుట్టు జటలు కడుతుంది. బిడ్డ తనంతట తాను తీయమని అడిగేదాకా తీయరు, అడిగిన కోరిక తీర్చాలి, తీసిన జుట్టును నీళ్ళలో వదులుతారు. వేదిక, మైకు, వేలమంది జనం అని రాశావే, ఆ ఉత్సవం 2010లో మొదలైంది. 1998లో అది ఇంటి ముందు జరిగే చిన్న విందు. పిల్ల ఏమడిగింది, దానికి ఆ ఏడాది డబ్బెక్కడిది అన్నదే నీకు పనికొచ్చే భాగం.

గుళ్ళ పేర్లు చూసి తెలుగు పాఠకుడు మురిసిపోతాడు: అర్జున, భీమ, ఘటోత్కచ, సుభద్రను తలపించే సెంబద్ర. అవి శైవాలయాలు, వెయ్యేళ్ళు దాటినవి. ఆ పేర్లు చాలా తర్వాత స్థానికులు తోలుబొమ్మలాట పాత్రల నుంచి పెట్టినవి. పక్కనే ఉన్న సెమార్ మన భారతంలో లేనేలేడు, జావా బొమ్మలాటలో విదూషకుడూ దేవుడూ అతనే. శ్రీకండి పేరు మన శిఖండి నుంచే వచ్చినా, అక్కడ ఆమె అర్జునుడి భార్య, విలుకత్తె. మీ ఊరూ మా ఊరూ ఒకటే అన్న ధోరణి వద్దు. ఊరు ముస్లింలది, పొద్దున మైకులో అజాన్‌తోనే లేస్తుంది.

చిన్నవి కొన్ని. పగలు ఏడాది పొడవునా దాదాపు ఒకే నిడివి, పొద్దు ఆరుకు అటూ ఇటూగా కుంకుతుంది, నీ వేసవి సాయంత్రాలు అక్కడ లేవు. ఆ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఏదైనా ఉడకడం ఆలస్యం. అతిథిని పొయ్యి దగ్గరకు పిలిచి కూర్చోబెడితే చనువు అనుకోకు, ఇంట్లో వెచ్చగా ఉండేది అక్కడే. తినడానికి శనగపిండి బజ్జీలు పెట్టకు, పసుపు కలిపిన పిండిలో ముంచి వేయించిన టెంపే, అంటే పులియబెట్టిన సోయా గింజల బిళ్ళలు పెట్టు. సంభాషణల్లో పెద్దవాణ్ణి పాక్, పెద్దావిడను బు, కుర్రవాణ్ణి మాస్ అనిపించు, వాటికి మన మీరు, నువ్వు తోడు చెయ్యి. మన జిల్లాల యాస మాత్రం వాళ్ళ నోట పెట్టకు.

చివరగా పెళ్ళి తారీఖు. 1998 డిసెంబరు ఆఖరి వారంలో పట్టపగలు విందు పెట్టావు. అది రంజాన్ నెల, ఉపవాసం. పండుగ 1999 జనవరి 19న వచ్చింది. సూర అని వాళ్ళు పిలిచే ముహర్రం నెలలోనూ పెళ్ళిళ్ళు చేయరు. రోజు ఎంచాలంటే ఏడు రోజుల వారంతో పాటు లెగి, పాహింగ్, పోన్, వాగే, క్లివోన్ అన్న ఐదు రోజుల వారం కూడా చూస్తారు, సంతలూ దాని ప్రకారమే. లెక్క సులువు: ఇండొనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 1945 ఆగస్టు 17 శుక్రవారం లెగి. అక్కణ్ణుంచి నీ తారీఖు దాకా రోజులు లెక్కపెట్టి ఐదుతో భాగించు, శేషం సున్నా అయితే లెగి, ఒకటైతే పాహింగ్, అలా. ఆలుగడ్డ తవ్వి, డబ్బు చేతికొచ్చి, రంజానూ సూరా కాని రోజు ఒకటి వెతికి, దాని పేరు రాసి, మూడో అధ్యాయం మళ్ళీ పంపు.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి