మృగాలు, తలలు, కొమ్ములు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

దానియేలు, ప్రకటన గ్రంథాల్లోని మృగాల మీద వచ్చిన ప్రశ్నల్లో ఒకేలాంటివాటిని కలిపి ఇక్కడ జవాబిస్తున్నాం. పక్కన బైబిలు తెరిచి పెట్టుకుని చదివితే మేలు.

ప్రశ్న: దానియేలు ఏడో అధ్యాయం ఎన్నిసార్లు చదివినా ఏ మృగం ఎవరో తేలడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏడుతో కాదు, ఎనిమిదితో మొదలుపెట్టండి. అక్కడ దూత పేర్లు పెట్టి మరీ చెప్పాడు. రెండు కొమ్ముల పొట్టేలు మాదీయ, పారసీక రాజులు (8:20). మేకపోతు గ్రేకుల రాజు, దాని కళ్ళ మధ్యనున్న పెద్ద కొమ్ము వాళ్ళ మొదటి రాజు (8:21). అర్థం ముందే తెలిసింది కాబట్టి, దర్శనంలోని బొమ్మ చరిత్రతో ఎలా కలుస్తుందో ఇక్కడ నింపాదిగా గమనించవచ్చు.

పొట్టేలు కొమ్ముల్లో ఒకటి రెండోదానికంటే ఎత్తు, ఆ ఎత్తయినది తర్వాత మొలిచింది. మాదీయుల వెనక వచ్చిన పారసీకులే పైచేయి సాధించారు. మేకపోతు నేలమీద కాలు మోపకుండా పడమటి నుంచి దూసుకొస్తుంది. అలెగ్జాండర్ క్రీ.పూ. 334లో ఆసియాలో అడుగుపెట్టి, 331కల్లా గౌగమేల దగ్గర పారసీక సైన్యాన్ని చిత్తు చేశాడు. మంచి బలం మీదుండగానే పెద్ద కొమ్ము విరిగిపోతుంది. 323లో, 33 ఏళ్ళు నిండకుండానే, అతను బబులోనులో చనిపోయాడు. దాని చోట నాలుగు కొమ్ములు లేస్తాయి. వీటిని సాధారణంగా మాసిడోనియాలో కసాండర్, థ్రేసులో లైసిమాకస్, ఐగుప్తులో టాలెమీ, సిరియా బబులోను ప్రాంతాల్లో సెల్యూకస్ అని చెబుతారు.

ఇది పట్టుబడ్డాక ఏడో అధ్యాయానికి రండి. ఒక కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో దర్శనంలో కనిపించిన ప్రతి వివరమూ రాయండి. రెండో గడిలో అదే అధ్యాయంలో దూత చెప్పిన అర్థం, మూడో గడిలో దూత అర్థం చెప్పకుండా వదిలేసినవి రాయండి. రెండో గడిలో పడేవి చాలా తక్కువ: నాలుగు మృగాలు నలుగురు రాజులు (7:17), నాలుగోది నాలుగో రాజ్యం (7:23), పది కొమ్ములు పదిమంది రాజులు, వాళ్ళ తర్వాత మరొకడు లేచి ముగ్గురిని పడగొడతాడు (7:24), వాడి మాటలూ చేతలూ, వాడికిచ్చిన గడువు (7:25). సింహం రెక్కలు, ఎలుగుబంటి నోట్లోని పక్కటెముకలు, చిరుతపులి నాలుగు తలలు, అన్నీ మూడో గడిలోకే పోతాయి. ఆ గడిలోని దేని గురించి ఎవరు ఎంత గట్టిగా చెప్పినా అది వ్యాఖ్యానమే, లేఖనం చెప్పిన మాట కాదు.

ఇంకో సంగతి. 17లో "రాజులు" అన్నవాళ్ళే 23కు వచ్చేసరికి "రాజ్యం" అయ్యారు. మూడో వచనంలో మృగాలు సముద్రంలోంచి వస్తే, 17లో అదే సంగతిని భూమి మీద లేచే రాజులని చెప్పారు. కాబట్టి ఒక్క పదాన్ని పట్టుకుని పెద్ద సిద్ధాంతం కట్టేముందు ఆ అధ్యాయంలోనే అది మారుతోందేమో చూసుకోవాలి. చదివే వరస దానియేలు 8, 7, 2, ఆపైన ప్రకటన 17, చివరికి 13. చాలామంది తిన్నగా 13లో దిగిపోతారు. అక్కడ అర్థం విప్పి చెప్పే దూత లేడు, తడబాటంతా అక్కడే వస్తుంది.

ప్రశ్న: ఎలుగుబంటి పళ్ళ మధ్యనున్న మూడు పక్కటెముకలు ఏ దేశాలు?

లిదియ, బబులోను, ఐగుప్తు అని తరచుగా వింటారు. పారసీకులు లిదియను క్రీ.పూ. 546 ప్రాంతంలో, బబులోనును 539లో, కంబైసిస్ కాలంలో ఐగుప్తును 525లో పట్టుకున్నారు, కాబట్టి లెక్క సరిపోతుంది. అయితే ఎలుగుబంటి మాదీయ పారసీకులైతేనే ఇది నిలుస్తుంది. మాదీయులొక్కరే అనుకుంటే మూడూ కూలిపోతాయి. "లెమ్ము, విస్తారంగా మాంసం తిను" అన్న ఆజ్ఞను బట్టి చూస్తే, తిని ఇంకా ఆకలి తీరని జంతువు నోటి బొమ్మ అనుకున్నా వచనానికి లోటు రాదు. మేమైతే పేర్లు పెట్టం.

ప్రశ్న: నాలుగో మృగం రోము అని కొందరు, గ్రీసు అని కొందరు రాస్తున్నారు. ఏది నమ్మాలి?

ముందు రెండు వరసలూ పక్కపక్కన పెట్టుకోండి. మొదటిది బబులోను, మాదీయ పారసీక, గ్రీసు, రోము. రెండోది బబులోను, మాదీయ, పారసీక, గ్రీసు. సింహం బబులోను అన్నదాంట్లో పేచీ లేదు. నెబుకద్నెజరుకు పశువు మనసు వచ్చిన నాలుగో అధ్యాయాన్నీ, సింహానికి మనిషి మనసు వచ్చిన 7:4నూ కలిపి చదివితే ఆ ముడి ఇట్టే కనిపిస్తుంది.

రోము వరసకు బలం ఎనిమిదో అధ్యాయం. మాదీయులనూ పారసీకులనూ అక్కడ ఒకే పొట్టేలుగా చూపించారు. ఆరో అధ్యాయంలోనూ చట్టం "మాదీయుల, పారసీకుల" ఉమ్మడి చట్టమే. ఒక పక్కకు ఎత్తుగా ఉన్న ఎలుగుబంటి, ఒక కొమ్ము ఎత్తయిన పొట్టేలు ఒకే సంగతి చెబుతున్నట్టుంటాయి. చిరుతపులి నాలుగు తలలు, మేకపోతు నాలుగు కొమ్ములు కూడా జోడు కుదురుతాయి. బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ తన దానియేలు వ్యాఖ్యానంలో ఈ వరసనే సమర్థించాడు, సంఘంలో శతాబ్దాల పాటు ఇదే నడిచింది.

గ్రీసు వరసకూ లేఖనంలోనే ఆధారాలున్నాయి. బెల్షస్సరు తర్వాత రాజ్యం పుచ్చుకున్నది మాదీయుడైన దర్యావేషు అని ఐదో అధ్యాయం చివర ఉంది, పారసీకుడైన కోరెషు ఆ తర్వాత వస్తాడు. ఈ వరసలో చిరుతపులి పారసీకం కాబట్టి దాని నాలుగు తలలకు దానియేలు 11:2లోని పారసీక రాజుల్ని ఆధారం చూపుతారు. అక్కడ ఇంకా ముగ్గురు, వాళ్ళ వెనక నాలుగోవాడు అని ఉంది. పది కొమ్ముల మధ్య లేచే చిన్న కొమ్ము వర్ణన సిరియాను ఏలిన గ్రీకు రాజు నాలుగో అంతియొకస్‌కు (క్రీ.పూ. 175–164) బాగా దగ్గరగా ఉంటుంది. అతను యెరూషలేము దేవాలయాన్ని 167లో అపవిత్రం చేశాడు, 164లో మక్కబీయుడైన యూదా దాన్ని తిరిగి ప్రతిష్ఠించాడు. ఈ వరసకున్న ఇబ్బంది చరిత్రతో. కోరెషు మాదీయుల్ని క్రీ.పూ. 550 ప్రాంతంలోనే లోబరచుకున్నాడు, బబులోను పడింది 539లో. మధ్యలో విడిగా ఒక మాదీయ సామ్రాజ్యానికి చోటు కనబడదు.

ఈ గొడవ ఈనాటిది కాదు. క్రీ.శ. మొదటి శతాబ్దం చివర ఒక యూదుడు రాసిన నాలుగో ఎజ్రా గ్రంథం పన్నెండో అధ్యాయంలో, సముద్రంలోంచి లేచిన గద్దే దానియేలు చూసిన నాలుగో రాజ్యమని చెబుతూ, ఇప్పుడు చెబుతున్న అర్థం అతనికి చెప్పలేదని కూడా అంటుంది. గద్ద అంటే ఆ రచయితకు రోమే. అంటే రోము అర్థం అప్పటికే ప్రచారంలో ఉందని ఒక పక్షం వాదించవచ్చు, అది తర్వాత వచ్చిందని ఆ రచయితే ఒప్పుకున్నాడని ఇంకో పక్షం వాదించవచ్చు. రెండూ న్యాయమే.

మొదటి మూడు జంతువుల విషయంలో మా మొగ్గు రోము వరసకే, ఎనిమిదో అధ్యాయాన్ని తోసిపుచ్చడం కష్టం కాబట్టి. ఏ వరస ఎంచుకున్నా రెండో అధ్యాయంలోని ప్రతిమ మీద పెట్టి సరిచూసుకోండి. బంగారం, వెండి, కంచు, ఇనుము కూడా అదే వరసలో నడవాలి. అక్కడొక రాజ్యం, ఇక్కడొక రాజ్యం అయితే ఎక్కడో పప్పులో కాలేసినట్టే.

ప్రశ్న: ఏడో అధ్యాయంలోని చిన్న కొమ్ము, ఎనిమిదో అధ్యాయంలోని చిన్న కొమ్ము ఒకటేనా?

మొలిచిన చోటు చూడండి. ఏడులోనిది నాలుగో మృగం తలమీది పది కొమ్ముల మధ్య లేచి మూడింటిని పెరికేస్తుంది. ఎనిమిదిలోనిది మేకపోతు నాలుగు కొమ్ముల్లో ఒకదానిలోంచి వస్తుంది, అంటే గ్రీకు రాజ్యపు చీలికలోంచి. అందుకే రెండోది అంతియొకస్ అనడంలో దాదాపు అన్ని పక్షాలూ కలుస్తాయి. నాలుగో మృగం గ్రీసు అనేవాళ్ళకు రెండూ ఒకటే, రోము అనేవాళ్ళకు వేరువేరు.

గడువులు కలిపేయడం ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు. ఏడులో "ఒక కాలము, కాలములు, అర్ధకాలము", ఎనిమిదిలో 2300 సాయంత్రాలు-ఉదయాలు. ఈ రెండోదాన్ని 2300 రోజులుగా లెక్కించేవాళ్ళున్నారు, ఉదయం బలి ఒకటి, సాయంత్రం బలి ఒకటి చొప్పున 1150 రోజులే అనేవాళ్ళూ ఉన్నారు. సంఖ్యాకాండము 14:34, యెహెజ్కేలు 4:6 ఆధారంగా రోజుకో ఏడాది వేసి అమెరికా బోధకుడు విలియమ్ మిల్లర్ అనుచరులు 1844 అక్టోబర్ 22కు చేరుకున్నారు. ఆరోజు వాళ్ళు ఎదురుచూసిన క్రీస్తు రాకడ జరగలేదు. ఆ రెండు వచనాల్లోనూ రోజుకు ఏడాది లెక్క అని దేవుడే అక్కడికక్కడ చెప్పాడు, దానియేలు ఎనిమిదిలో ఆ మాట లేదు.

ప్రశ్న: ప్రకటన 13లో మృగానికి ఏడు తలలెందుకు?

దానియేలు ఏడులోని తలలన్నీ కూడండి. సింహానికి ఒకటి, ఎలుగుబంటికి ఒకటి, చిరుతపులికి నాలుగు, చివరిదానికి ఒకటి, మొత్తం ఏడు. కొమ్ములు పది, అన్నీ చివరిదానివే. యోహాను ఆ నాలుగింటినీ ఒకే ఒంట్లో పోతపోశాడు. వరస కూడా తిరగబడింది: చిరుతపులి ఒళ్ళు, ఎలుగుబంటి పాదాలు, సింహం నోరు (13:2). అందుకే ఈ మృగాన్ని ఒక్క దేశానికి అతికించడం మాకు ఎప్పుడూ ఇరుకుగా తోస్తుంది. దానికి ముందున్న సామ్రాజ్యాల దౌష్ట్యమంతా అందులో ఉంది.

కిరీటాలు కూడా చూడండి. పన్నెండో అధ్యాయంలో ఘటసర్పానికి ఏడు తలల మీద ఏడు కిరీటాలు, పదమూడులో మృగానికి పది కొమ్ముల మీద పది. సర్పం ఎవరో 12:9 చెప్పేసింది, అపవాది. భూమిలోంచి వచ్చే రెండో మృగం ఎవరో తెలియాలంటే 19:20 దాకా ఆగాలి. 13లో మొదటి మృగం ఎదుట సూచక క్రియలు చేసి మోసగించినవాడికి అక్కడ అబద్ధ ప్రవక్త అని పేరు పెట్టారు.

ప్రశ్న: ప్రకటన 17లో "అయిదుగురు కూలిపోయారు, ఒకడున్నాడు" అన్నది రోము చక్రవర్తుల లెక్కేనా?

ఏడు తలలు ఏడు కొండలనీ, ఏడుగురు రాజులనీ దూత రెండర్థాలూ చెప్పాడు. ఏడు కొండలంటే ఆనాటివాళ్ళకు రోము గుర్తుకురాక మానదు. వెస్పసియన్ క్రీ.శ. 71లో వేయించిన నాణెం మీద రోమా దేవత ఏడు కొండల మీద కూర్చుని ఉంటుంది.

చిక్కు లెక్క మొదలుపెట్టే చోట వస్తుంది. ఔగుస్తు నుంచి లెక్కిస్తే ఔగుస్తు, తిబెరి, కలిగులా, క్లౌదియ, నీరో కూలిపోయిన అయిదుగురు, ఉన్నవాడు గల్బా. జూలియస్ సీజర్ నుంచి లెక్కిస్తే ఉన్నవాడు నీరో. కొన్ని నెలలే ఏలిన గల్బా, ఓతో, వితెల్లియస్‌లను వదిలేసి ఔగుస్తు నుంచి లెక్కిస్తే వెస్పసియన్. ఈ గ్రంథం దొమితియన్ (81–96) ఏలుబడి చివర్లో వచ్చిందని రెండో శతాబ్దపు బిషప్ ఇరేనియస్ రాశాడు, అదే నిజమైతే ఈ మూడు లెక్కల్లో ఒక్కటీ దొమితియన్ మీద పడదు. అందుకని కొందరు రాజులంటే రాజ్యాలనుకుని ఐగుప్తు, అష్షూరు, బబులోను, మాదీయ పారసీక, గ్రీసు కూలిపోయినవి, రోము ఉన్నది అంటారు. కావలసిన పేరు ముందే పెట్టుకుని, అది వచ్చేలా మొదలుచోటు జరిపేవాళ్ళ లెక్కను మాత్రం నమ్మకండి.

ప్రశ్న: 666 అంటే బార్‌కోడ్ అని మా సంఘంలో చెబుతున్నారు. నిజమేనా?

కాదు. బార్‌కోడ్‌కు మొదట, మధ్యలో, చివర కాస్త పొడుగ్గా కనిపించే జంట గీతలు మూడుచోట్ల ఉంటాయి. కుడి సగంలో 6 అంకెకు కూడా రెండు సన్నగీతలే ఉంటాయి కాబట్టి ఆ మూడు జంటల్నీ 6, 6, 6 అని చదివేశారు. అంకె అయితే ఏడు భాగాల వెడల్పు ఉండాలి. అంచు గీతలకు మూడు, మధ్యవాటికి అయిదు భాగాలే. యంత్రానికి కోడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలపడానికే అవి, వాటికి అంకె విలువ లేదు.

13:17–18 ప్రకారం అది మృగం పేరుకు చెందిన సంఖ్య, అంటే అక్షరాల విలువలు కూడితే వచ్చేది. హెబ్రీ అక్షరాల్లో "నెరోన్ కేసర్" (నీరో చక్రవర్తి) అని రాసి కూడండి: 50, 200, 6, 50 కలిపి 306; 100, 60, 200 కలిపి 360; మొత్తం 666. చివరి 50 తీసేసి "నెరో" అంటే 616. కొన్ని పాత రాతప్రతుల్లో, ఐగుప్తులోని ఆక్సిరింకస్‌లో దొరికిన పాపిరస్‌తో సహా, 616 అనే ఉంది. ఈ రెండు సంఖ్యలూ ఒకే పేరుతో కుదరడం నీరో పక్షానికి గట్టి ఆధారం. అయినా రెండో శతాబ్దంలో ఇరేనియస్ 616ను తోసిపుచ్చి, 666కు మూడు గ్రీకు పేర్లు సూచించాడు, వాటిలో నీరో లేడు. ఆ మూడింటిలో "లాతెయినొస్" ఒకటి: 30, 1, 300, 5, 10, 50, 70, 200. ఇదీ 666కే వస్తుంది. సంఖ్య చేతిలో పెట్టుకుని పేర్లు వెతికితే దొరకనిదంటూ ఉండదు.

ప్రశ్న: పది కొమ్ములు ఐరోపా దేశాలేనా?

1981లో గ్రీసు చేరికతో ఐరోపా ఆర్థిక సమాజంలో సభ్యులు సరిగ్గా 10 మంది అయ్యారు, ప్రవచనం నెరవేరిందని చాలా వేదికల మీద చాటారు. 1986లో స్పెయిన్, పోర్చుగల్ చేరి 12 అయ్యాయి. ప్రకటన 17:12 ఆ పదిమందీ మృగంతో కలిసి "ఒక్క గడియ" అధికారం పొందుతారంటుంది. సభ్యుల జాబితాలో ఆ సంగతి వెతికినవాళ్ళు తక్కువ.

ప్రశ్న: సింహం అంటే బబులోను అన్నారు. మరి యేసును యూదా గోత్రపు సింహమనీ, అపవాదిని గర్జించు సింహమనీ ఎందుకన్నారు?

జంతువుకు ఒకే అర్థం అంటిపెట్టుకుని ఉండదు. హోషేయ 13:7–8లో దేవుడే తనను సింహంతో, చిరుతపులితో, పిల్లలను పోగొట్టుకున్న ఎలుగుబంటితో, అడవిమృగంతో పోల్చుకున్నాడు. దానియేలు చూసిన మృగాల జాబితా దాదాపు ఇదే. ప్రకటన 5లో పెద్దల్లో ఒకడు చెప్పిన మాట సింహం, యోహాను తలెత్తి చూసినది గొఱ్ఱెపిల్ల. దానికీ ఏడు కొమ్ములున్నాయి, అంతమాత్రాన అది మృగం కాలేదు. ప్రకటన 4లో సింహాసనం చుట్టూ ఉన్న నాలుగు జీవులూ అంతే. ఒకటి సింహంలా ఉన్నా అవి రాజ్యాలు కావు, వాటి మూలం యెహెజ్కేలు మొదటి అధ్యాయంలో ఉంది. అక్కడ ఒక్కో జీవికి నాలుగు ముఖాలు, నాలుగు రెక్కలు. ఇక్కడ ఒక్కోదానికి ఒక్కో రూపం, ఆరేసి రెక్కలు.