బానెట్‌కు రంగు వేసే ముందు, అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఆల్టో కారు బానెట్ మీద క్లియర్, అంటే రంగు మీద ఉండే పారదర్శకమైన పూత, పొరలు పొరలుగా లేచిపోతోంది. ఇన్నేళ్లు గుంటూరు ఎండలో ఆరుబయట నిలబడ్డ బండికి అది మామూలే. సెలవుల్లో ఇంటి దగ్గరే బేస్‌కోట్ అనే రంగు పూత, దాని మీద క్లియర్‌కోట్ నేనే వేసుకుంటానన్నావు. వద్దనను. బెజవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు రంగు కొట్టే స్ప్రే గన్ పట్టినవాణ్ణి, ఆ సరదా ఎలాంటిదో నాకు తెలుసు. కానీ పని కంటే ముందు నీ ఊపిరి గురించి చెప్పాలి.

క్లియర్ గట్టిపడటానికి కలిపే హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది. గన్ నొక్కగానే సన్నటి మంచులా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాని వాసన సరిగ్గా తెలియదు, అందుకే మనకేం కావట్లేదనుకుంటాం. మేం మూతికి రుమాలు కట్టుకుని కొట్టేవాళ్లం. యాభై దాటాక హార్డ్‌నర్ డబ్బా మూత తీస్తే చాలు, నాకు ఛాతీ పట్టేసేది. ఆస్తమా అన్నారు. ఆ రోజే గన్ పక్కన పెట్టేశాను. కరోనా అప్పటి ఎన్95 మాస్కు దుమ్ముకే తప్ప ఈ ఆవిరికి పనికిరాదు. బేస్‌కోట్‌కు కార్బన్ ఫిల్టర్లున్న మాస్కు, అదీ కొత్త ఫిల్టర్లతో, పెట్టుకో. క్లియర్‌కు మాత్రం గొట్టంతో మంచి గాలి అందించే మాస్కు కావాలి. అది అద్దెకైనా దొరక్కపోతే బేస్ వరకు నువ్వు వేసుకుని, క్లియర్ అదే రోజు రంగు కొట్టే మూసిన గది, అంటే బూత్ ఉన్న షాపులో కొట్టించు. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు, నిండు చేతుల చొక్కా ఎలాగూ ఉండాలి. ఆ పూట పాపను ఇంట్లో ఉంచకు.

ఇక పని. లేచిన క్లియర్ మీద కొత్త క్లియర్ కొడితే నిలవదు. పాత పొర అంచు కిందికి థిన్నర్ దూరి మళ్లీ లేపుతుంది. గట్టి పొర తగిలేదాకా మొత్తం రుద్ది తీసెయ్. గోరు పెట్టి గీస్తే ఎక్కడా అంచు తగలకూడదు. తర్వాత రంగు కింద వేసే పూత, ప్రైమర్, రెండు కోట్లు. అది ఆరాక దూరం నుంచి నల్ల రంగు పల్చగా చిలకరించి, తడిపి రుద్దే 600 నంబరు గరుకు కాగితం, అంటే వాటర్ పేపర్‌ను రబ్బరు బ్లాక్‌కు చుట్టి రుద్దు. ఉత్త వేళ్లతో రుద్దితే వేళ్ల గాడులు పడతాయి. ఎత్తున్న చోట నలుపు పోతుంది, పల్లంలో మిగులుతుంది. ఎక్కడ ఇంకా పని ఉందో ఆ నలుపే చెబుతుంది. చివరగా 800 పేపర్.

అప్పుడు మగ్గుతో బానెట్ మీద నీళ్లు పోసి, వంగి వెలుగుకు ఎదురుగా చూడు. నీళ్లు జారిపోయేలోపు నాలుగైదు సెకన్లు అది క్లియర్ కొట్టినట్టే మెరుస్తుంది. అప్పుడు కనబడిన గీత, గుంట రేపు క్లియర్ కింద కూడా కనబడతాయి. క్లియర్ దేన్నీ దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. ఈ నీళ్ల పరీక్ష కోసం నేను సాయంత్రమైతే పని ఆపేసి మర్నాడు పొద్దున వెలుగులో మళ్లీ చూసుకునేవాణ్ణి.

తలకు కొబ్బరినూనె రాసుకున్న చేత్తో బానెట్ తాకకు. నూనె గానీ, డాష్‌బోర్డ్ పాలిష్‌లో ఉండే సిలికాన్ గానీ అంటితే రంగు అక్కడ నిలవకుండా చేప కన్నులా గుండ్రంగా విడిపోతుంది. రంగు కొట్టే ముందు, జిడ్డు తీసే డీగ్రీజర్‌తో ఒక గుడ్డ తడిపి తుడువు, అది ఆరేలోపే రెండో పొడి గుడ్డతో ఎత్తు.

రంగు కోడ్ బండి మీద స్టిక్కర్‌లో ఉంటుంది, షాపులో దాన్ని బట్టి కలిపిస్తారు. కలిపించాక ముందు ఒక రేకు ముక్క మీద కొట్టి, క్లియర్ కూడా వేసి, ఎండలో ఫెండర్, అంటే ముందు చక్రం మీది రేకు, పక్కన పెట్టి చూడు. నీది సిల్వర్, పైగా అన్నిటికంటే పెంకి రంగు. తడిసిపోయేలా కొడితే అందులోని అల్యూమినియం పొడి ఒక చోట చేరి చారలు పడతాయి. ఏడెనిమిది అంగుళాల దూరం, ప్రతి వరస ముందు వరసలో సగం మీద పడాలి. మణికట్టు తిప్పకు, చెయ్యంతా కదలాలి. మొదటి కోటు పల్చగా. పది పదిహేను నిమిషాల్లో తడి మెరుపు పోయి మసకగా మారుతుంది, అప్పుడే రెండోది. మెరవట్లేదని బేస్ మళ్లీ మళ్లీ కొట్టకు, మెరుపు ఇచ్చేది క్లియర్. ఆఖరి కోటు ఇంకొంచెం దూరం నుంచి తేలిగ్గా చల్లితే పొడి సమంగా పడుతుంది.

క్లియర్, హార్డ్‌నర్ సాధారణంగా రెండుకు ఒకటి. అయినా డబ్బా మీద రాసిందే లెక్క. కలిపాక చిక్కబడిపోతుంది కాబట్టి కొంచెం కొంచెం కలుపుకో, అవగానే గన్ కడిగెయ్. మొదటి కోటయ్యాక బానెట్‌ను తాకకు, పక్కన అంటించిన మాస్కింగ్ టేప్ మీద పడిన క్లియర్‌ను గ్లౌజు వేలితో తాకి చూడు. జిగటగా ఉండాలి, దారంలా సాగకూడదు. అప్పుడు రెండోది, తడిగా, వెలుగు ప్రతిబింబం చూసుకుంటూ. ఎక్కడైనా కారితే వదిలెయ్. ఆరాక పేపర్‌తో తీసుకోవచ్చు, తడిమీద తుడిస్తే మొత్తం పోతుంది.

ఇదంతా వానాకాలంలో వద్దు. గాలిలో తేమ ఉంటే క్లియర్ తెల్లబారుతుంది, కంప్రెసర్ గొట్టంలోనూ నీళ్లు చేరతాయి. ఆ నీళ్లను పట్టి ఆపే వాటర్ ట్రాప్ పెట్టించు. శీతాకాలంలో మంచు విడిచాక మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించు, సాయంత్రం మంచు పడేలోపు పైపొర గట్టిపడాలి. వేపచెట్టు కింద అసలే వద్దు. దుమ్ము లేవకుండా నేల తడుపు, కానీ కంప్రెసర్, ప్లగ్గు పొడి నేల మీదే ఉండాలి. మా అక్కయ్యకు చెప్పు, ఆ పూట దీపం గానీ స్టవ్ గానీ దగ్గర్లో వెలిగించొద్దని. థిన్నర్ ఆవిరికి ఆ నిప్పు చాలు.

క్లియర్ పూర్తిగా గట్టిపడ్డాక, దుమ్ము రవ్వలు ఉంటే 2000 పేపర్, ఆపైన మెరుగు పెట్టే కాంపౌండ్. నెల దాకా వ్యాక్స్ పెట్టకు.

క్లియర్ కొట్టే రోజు నేను రాలేను, డాక్టర్ ఒప్పుకోరు. పేపర్ పట్టే రోజు కబురు చెయ్, పొద్దున్నే వస్తాను. మగ్గుతో నీళ్లు పోసి ఇద్దరం కలిసి చూద్దాం.

నీ మావయ్య