గూడ్సు బండ్లు చూడబోయిన పిల్లాడిపై కేసు: ఫైన్ కట్టేస్తే పోతుందా?

ప్రశ్న: మాది బల్లార్షా. మా అబ్బాయికి 16 ఏళ్లు. గూడ్సు బండ్లంటే పిచ్చి. సాయంత్రాలు యార్డు దగ్గర చేరి ఇంజిన్ నంబర్లు నోటుబుక్కులో రాసుకుంటాడు, ఫోటోలు తీస్తాడు. మొన్న ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు పట్టుకుని ఫోన్ తీసుకున్నారు, కోర్టుకు రమ్మన్నారు. తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే అయిపోతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. రేపు సర్కారు ఉద్యోగానికి అడ్డమవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ తెలిసినవాళ్ల మాట వినకండి. బండ్లు చూడడం నేరం కాదు. అనుమతి లేకుండా యార్డులోకి, పట్టాల మీదికి వెళ్లడం మాత్రం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరమే. ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 18 నిండినవాళ్లు తప్పు ఒప్పుకుని కట్టే ఆ కాస్త జరిమానా కూడా శిక్ష కిందికే వస్తుంది. ఉద్యోగ దరఖాస్తులో అడిగితే దాచకూడదు.

మీవాడి సంగతి వేరు. 18 నిండలేదు కాబట్టి కేసు పిల్లల కేసులు విచారించే జిల్లా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకే వెళ్లాలి. అక్కడ తప్పు చేశాడని తేలినా, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం అది ఉద్యోగానికి అనర్హత కాదు.

అందుకే అసలు పట్టు వయసు దగ్గరుంది. కాగితాల్లో 18 అని రాసుంటే అక్కడికక్కడే అభ్యంతరం చెప్పండి. చాలామంది ఆధార్ పట్టుకుని పరుగెత్తుతారు. అదే చట్టంలో వయసు తేల్చే 94వ సెక్షన్‌లో దాని పేరే లేదు. ముందు చూసేది బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతేనే మున్సిపాలిటీ జనన పత్రం.

ఫోన్ తీసుకున్నందుకు పంచనామా (సాక్షుల ఎదుట రాసే కాగితం) రాశారా అని అడగండి. తిరిగివ్వమని బోర్డు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

అబ్బాయి సరదాను మాన్పించక్కర్లేదు. పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్ రెండు గంటలు చెల్లుతుంది. ఢిల్లీ-చెన్నై మెయిన్ లైనూ గోండియా లైనూ కలిసే మీ బల్లార్షాలో బొగ్గు గూడ్సులకు కరువా! ప్లాట్‌ఫాం దిగనంతవరకు ఇబ్బంది లేదు. మిలటరీ సామాను వెళ్లే బండి వస్తే మాత్రం ఫోన్ జేబులో పెట్టుకోమనండి.

వకీలు ఖర్చుకు వెనకాడకండి. పిల్లలకు, ఆదాయంతో పనిలేకుండా, జిల్లా న్యాయ సేవా సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. వాయిదాకు ముందే అక్కడ అర్జీ ఇవ్వండి.