ఉప్పుగాలి తిన్న కారు

ప్రశ్న: బీచ్ రోడ్డులో ఒకాయన 2017 మోడల్ పెట్రోల్ కారు అమ్ముతున్నారు. మీటరులో 38,000 కిలోమీటర్లే ఉంది. కొనేముందు ఏం చూడాలండీ?
– ఓ పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: పైమెరుపు చూసి మురిసిపోకండి. మన విశాఖ ఉప్పుగాలి కారును అడుగు నుంచి తింటుంది. డిక్కీలో మ్యాట్ ఎత్తి, స్టెప్నీ తీసి, ఆ గుంతలో వేలితో రుద్దండి. ఎర్రపొడి అంటితే బేరం ఆపేయండి. నేనోసారి కొత్త పెయింటుకి పడిపోయి కొన్నాను. నెల తిరక్కుండానే తలుపు కింది అంచు అప్పడంలా విరిగింది! మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

38,000కే బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే మీటరు వెనక్కి తిప్పారేమోనని అనుమానించండి. పొద్దున్నే వెళ్లి ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉందంటే, చల్లటి ఇంజిన్ మొరాయించడం మీకు తెలియకుండా మీరొచ్చేలోపే స్టార్ట్ చేసి ఉంచారేమో. పొగ నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. ఆ తర్వాత సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కించి, ఎత్తులో ఇంజిన్ లాగుతోందో లేదో చూడండి.