టెక్ సందేహాలు: చేతి వాచీకి మీ ఓటీపీతో ఏం పని?

ప్రశ్న: మా నాన్నగారి పాత హెచ్ఎంటీ కీ వాచీకి సర్వీసింగ్ చేయించి పెట్టుకుంటున్నాను. రెండు నెలలు బాగానే నడిచింది. వారం నుంచి రోజుకి పది పన్నెండు నిమిషాలు ముందుకి పోతోంది. షాపాయన మళ్లీ సర్వీసింగ్ చేయాలంటున్నాడు. వాచీ ఎంత కరెక్టుగా నడుస్తోందో చూసుకునే యాప్ ఏదైనా ఉందా? – కూకట్‌పల్లి పాఠకుడు

యాప్ సంగతి తర్వాత. ముందు మీ ఫోన్ కవర్ తిప్పి చూడండి. వెనక గుండ్రంగా అయస్కాంతం రింగు ఉందా? రాత్రి పడుకునేటప్పుడు వాచీ తీసి ఫోన్ పక్కనో, వైర్‌లెస్ ఛార్జర్ మీదో పెడుతున్నారా? ఇదే ఫిర్యాదు ఈమధ్య తరచూ వస్తోంది. చాలామంది విషయంలో దొంగ దొరికేది టేబుల్ మీదే.

కీ వాచీ లోపల హెయిర్ స్ప్రింగ్ అని వెంట్రుకంత సన్నని తీగ చుట్ట ఉంటుంది. దానికి అయస్కాంతం పట్టిందంటే చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు తీగ పొడవు తగ్గినట్టే లెక్క, దానికి తగిలించిన బ్యాలెన్స్ వీల్ అనే చక్రం త్వరత్వరగా ఊగుతుంది, వాచీ ముందుకి పరిగెడుతుంది. నూనె ఎండినా, దుమ్ము చేరినా ఎక్కువగా మెల్లమెల్లగా వెనకబడుతుంది. ఉన్నట్టుండి నిమిషాలకు నిమిషాలు ముందుకి పోతోందంటే మొదట అనుమానించాల్సింది అయస్కాంతాన్నే. స్టేషనరీ షాపులో చిన్న దిక్సూచి దొరుకుతుంది. దాని మీద వాచీని నెమ్మదిగా అటూ ఇటూ జరపండి. దిక్సూచి ముల్లు గిర్రున తిరిగినా, వాచీ టిక్ టిక్‌తో పాటు వణికినా అనుమానం ఖాయం చేసుకోవచ్చు. దీనికి ఫోన్‌లో కంపాస్ యాప్ వాడొద్దు, ఫోన్ స్పీకర్లోనే అయస్కాంతం ఉంటుంది.

వాచీ షాపుల్లో అయస్కాంతం వదిలించే డీమాగ్నెటైజర్ అనే చిన్న పెట్టె ఉంటుంది. నిమిషం పని. దానికోసం మళ్లీ పూర్తి సర్వీసింగ్ డబ్బులు కట్టకండి. ఇకనుంచి వాచీని ఫోన్‌కి జానెడు దూరంలో పెట్టండి, చాలు.

యాప్‌లు ఉన్నాయి. మైకు దగ్గర వాచీ పెడితే చప్పుడు విని లెక్క చెబుతాయి. మీ వాచీ గంటకి 18,000 సార్లు, అంటే సెకనుకి 5 సార్లు కొట్టుకుంటుంది. రోజుకి 4,32,000. అంత పనిలో రోజుకి 20 సెకన్లు తేడా వస్తే అది 0.02 శాతం మాత్రమే. దానికోసం మూత తీయించి సరిచేయించే పని పెట్టుకోకండి. ఒక్క జాగ్రత్త: ఈ యాప్‌కి కావాల్సింది మైకు ఒక్కటే. కాంటాక్టులు, లొకేషన్ అడిగితే అక్కడే తీసేయండి.

ప్రశ్న: మావారు పాత వాచీలు కొంటూనే ఉన్నారు. అందరి ఫోన్లలో టైమ్ ఉంటుంది కదా, ఏమిటీ పిచ్చి? మంచి స్మార్ట్ వాచీ కొనిపెడితే నాలుగు నెలలకే మూలన పడేశారు. – మల్కాజ్‌గిరి పాఠకురాలు

పిచ్చి అనకండమ్మా. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం దగ్గర గంట కొట్టే వేళకి ముందే జనం చేరిపోతారు. గడ్డం ఉన్న చిన్న మనిషి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. అది చూడటానికి పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుంటారు. అక్కడున్న అందరి చేతుల్లోనూ సెకన్లతో సహా టైమ్ చూపించే ఫోన్లున్నాయి. వాళ్లు వచ్చింది టైమ్ తెలుసుకోవడానికి కాదు.

మీవారు ఈసారి వాచీ వెనక మూత తీయించేటప్పుడు పక్కన నిలబడి చూడండి. బ్యాలెన్స్ వీల్ అటూ ఇటూ ఊగుతుంటే మధ్యలో హెయిర్ స్ప్రింగ్ ఊపిరి తీసి వదిలినట్టు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటుంది. అక్కడక్కడా గులాబీ రంగు చుక్కలు కనిపిస్తాయి. అవి ఇరుసులు అరిగిపోకుండా పొదిగిన కృత్రిమ కెంపులు. డయల్ మీద '17 జ్యుయెల్స్' అని రాసేది వాటి గురించే. పొద్దున కీ ఇస్తే చాలు, సెల్లు లేదు, సిగ్నల్ లేదు, రోజంతా నడుస్తుంది. పెళ్లిలో అల్లుడికి పెట్టిన వాచీ, పదో తరగతి పాసైనందుకు మేనమామ కొనిచ్చిన వాచీ ఇన్నేళ్లు బీరువాలో దాచుకున్నామంటే ఊరికే కాదు. సేకరించేవాళ్లు ఇష్టపడేది ఇదే: తీసి కీ తిప్పితే, ఇచ్చిన రోజున ఎలా నడిచిందో అలాగే నడుస్తుంది.

కీ వాచీలు సేకరించేవాళ్లలో కొందరికి సెల్లు (క్వార్ట్జ్) వాచీ అంటే చిన్నచూపు. అది నాకు నచ్చదు. మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ జపాన్‌లో 1969 డిసెంబరు 25న అమ్మకానికి వచ్చింది. అప్పటినుంచి ఇప్పటిదాకా లోపలి సూత్రం దాదాపు అదే. ఇప్పటి వాచీల్లో క్వార్ట్జ్ అనే స్ఫటికం ముక్క సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను వరసగా 15 సార్లు సగం చేసుకుంటూ పోతే మిగిలేది ఒకటి. సెకను ముల్లు వేసే ఒక్క అడుగు అదే. ఇంత అందమైన లెక్క చేతికి కట్టుకుని తిరగడం చిన్న విషయమా?

ఇక మూలన పడిన స్మార్ట్ వాచీ. అందులో మీవారి తప్పేమీ కనిపించడం లేదు. ఎందుకో హెచ్ఎంటీతో పోల్చి చూడండి. ఆ సంస్థ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. 2016లో కేంద్రం ఆ వాచీల సంస్థను మూసేయాలని నిర్ణయించింది. సంస్థ పోయింది, వాచీలు పోలేదు. కోఠిలో, ఆబిడ్స్‌లో, సికింద్రాబాద్‌లో కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్న ఏ పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లినా నడిపించి ఇస్తాడు. చవక స్మార్ట్ వాచీ తయారీదారు రేపు దుకాణం సర్దేస్తే? యాప్ స్టోర్‌లోంచి యాప్ మాయం. కొత్త ఫోన్‌కి జత కాదు. బ్యాటరీ జిగురుతో అతికేసి ఉంటుంది, ఊడదీస్తే స్క్రీన్ పగులుతుంది. ఛార్జర్ పోతే, అదే కంపెనీ తర్వాతి మోడల్ ఛార్జర్ దీనికి పట్టదు. నిన్నటిదాకా బాగున్న వాచీ ఒక అప్‌డేట్ తర్వాత మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతుంది. అడిగితే 'రీసెట్ చేయండి' అంటారు.

చేతికి కట్టుకునే వస్తువు రెండేళ్లకే చెత్త అయ్యేలా ఎందుకు తయారు చేస్తున్నారు? మామూలు స్క్రూ పెడితే పోయేదేంటి? 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కొన్న వస్తువు బాగుచేయించుకునే హక్కు కోసం 'రైట్ టు రిపేర్' పోర్టల్ పెట్టింది. మొబైళ్లు, ఇంట్లో వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు, వాహనాలు, వ్యవసాయ పరికరాలతో మొదలైన ఆ ఆలోచన చేతి మీది వస్తువుల దాకా గట్టిగా రావాలి. బ్యాటరీ ఎంతకి మారుస్తారు, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు అన్నవి డబ్బా మీద అచ్చు వేయాలి. కొనేటప్పుడు అందరం అడిగితే తప్ప వేయరు.

ప్రశ్న: ఆన్‌లైన్ ఆఫర్లో చవగ్గా స్మార్ట్ వాచీ కొన్నాను. యాప్ చాలా పర్మిషన్లు అడిగింది, అన్నీ ఇచ్చేశాను. వాచీలో బ్యాంకు మెసేజ్‌లు, యూపీఐ మెసేజ్‌లు రాకుండా ఆఫ్ చేసుకున్నాను కాబట్టి టెన్షన్ లేదు కదా? – ఉప్పల్ పాఠకుడు

టెన్షన్ పడాల్సింది అక్కడే. దయచేసి ఇది ఓపికగా చదవండి. ఇంట్లో వాళ్లకి కూడా చదివి వినిపించండి.

మీరు ఆఫ్ చేసింది వాచీ యాప్‌లో. దానివల్ల ఆ మెసేజ్ వాచీ మీద కనిపించదు, అంతే. ఫోన్ మాత్రం ఆ మెసేజ్‌ని యాప్‌కి ఇస్తూనే ఉంటుంది. ఎందుకంటే మీరు యాప్‌కి 'నోటిఫికేషన్ యాక్సెస్' ఇచ్చారు. అది కెమెరా, మైకుల్లాంటి మామూలు పర్మిషన్ కాదు. అదిచ్చాక ఫోన్‌లోకి వచ్చే ప్రతి నోటిఫికేషన్నీ ఆ యాప్ చదవగలదు. బ్యాంకు ఓటీపీ, వాట్సాప్‌లో అమ్మ పంపిన మెసేజ్, డాక్టర్ అపాయింట్‌మెంట్, గ్యాస్ సిలిండర్ కోడ్, అన్నీ. చదివినదాంట్లో ఏది వాచీకి పంపాలి, ఏది పక్కన పెట్టాలి అన్నది యాప్ చేతిలో ఉంది. దాన్ని రాసింది ఎవరో, సర్వర్ ఏ దేశంలో ఉందో మీకు తెలియదు. అన్ని యాప్‌లూ దొంగలని నేననడం లేదు. కానీ ఓటీపీ అంటే ఇంటి తాళంచెవి. ముక్కూమొహం తెలియనివాళ్లకి దాన్ని ఇచ్చి, వాడలేదులే అనుకోవడం నా వల్ల కాదు.

ఆండ్రాయిడ్ 15 నుంచి ఓటీపీల్లాంటి వాటిని నమ్మకం లేని యాప్‌లకి చూపించకుండా సిస్టమే దాచే ఏర్పాటు వచ్చింది. మంచిదే. కానీ మనవాళ్ల ఫోన్లలో ఎన్నో అంతకన్నా పాతవి, వాటికి ఆ అప్‌డేట్ రాదు. కాబట్టి ఇప్పుడే చేయండి. ఫోన్ సెట్టింగ్స్ తెరిచి, పైన వెతికే చోట 'నోటిఫికేషన్ యాక్సెస్' అని కొట్టండి. వాచీ యాప్ పేరు మీద నొక్కండి. కొత్త వెర్షన్లలో ఏ యాప్‌ల నోటిఫికేషన్లు దానికి కనిపించాలో విడివిడిగా ఎంచుకోవచ్చు. మెసేజ్‌లు, బ్యాంకు, యూపీఐ, ఈమెయిల్ తీసేయండి. ఆ వీలు లేకపోతే యాక్సెస్ మొత్తం ఆపేయండి. అడుగులు లెక్కపెట్టడానికి అది అక్కర్లేదు.

'బ్లూటూత్‌కి లొకేషన్ తప్పనిసరి' అని యాప్ చెబుతుంది. ఒకప్పుడు నిజమే. 2021లో ఆండ్రాయిడ్ 12 వచ్చాక 'దగ్గర్లోని పరికరాలు' అని వేరే పర్మిషన్ పెట్టారు. కొత్త ఫోన్‌లో ఇంకా అదే సాకు చెబుతున్నారంటే యాప్ రాసినవాళ్లు బద్ధకంగానైనా ఉన్నారు, మీ లొకేషన్ కావాలనైనా అడుగుతున్నారు. రెండూ క్షమించదగ్గవి కావు. నడిచిన దారి మ్యాప్‌లో చూసుకోవాలంటేనే లొకేషన్ ఇవ్వండి, అదీ 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని.

ఇంకొకటి. సాయంత్రం అమీర్‌పేట నుంచి రాయదుర్గం వైపు మెట్రో ఎక్కితే నిలబడ్డవాళ్ల చేతులన్నీ పైనున్న పట్టీలకి వేలాడుతుంటాయి. కూర్చున్నవాళ్ల కళ్ల ముందు మణికట్లు వరసగా ఉంటాయి. ఉన్నట్టుండి ఒక వాచీ వెలుగుతుంది, ఆరు అంకెలు, కింద బ్యాంకు పేరు. ఆ వాచీ కట్టుకున్నాయన చెవిలో ఇయర్‌ఫోన్లతో కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. ఎదుటి సీట్లో ఉన్నవాళ్లందరూ చదివేశారు. దాన్ని అలా డిజైన్ చేసినవాళ్లు ఒక్కసారైనా రద్దీలో ప్రయాణం చేశారా?

వాచీ వదిలించుకునేటప్పుడు యాప్ తీసేస్తే సరిపోదు. ముందు యాప్‌లోకి వెళ్లి అకౌంట్ డిలీట్ చేసి, వాచీని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఆ తర్వాత యాప్ తీయండి. ఎప్పుడైనా డబ్బు పోయిందని అనిపిస్తే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: సూది గుచ్చకుండా షుగర్ చూపించే వాచీ అమ్మకి కొందామనుకుంటున్నాం. ఏది మంచిది? – నల్లగొండ పాఠకురాలు

ఏదీ కాదు, కొనకండి. సూది లేకుండా తనంతట తానే షుగర్ కొలిచే ఏ స్మార్ట్ వాచీకీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువ తీసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ డబ్బుతో మంచి గ్లూకోమీటర్, స్ట్రిప్పులు కొనండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో '1970ల నాటి ఒరిజినల్' అంటూ నీలం, నారింజ, ఆకుపచ్చ డయళ్లతో హెచ్ఎంటీ వాచీలు చవగ్గా అమ్ముతున్నారు. సేకరణ వాటితో మొదలుపెట్టొచ్చా? – దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థి

మీ వయసులో ఈ ఇష్టం పుట్టినందుకు సంతోషం. అందుకే చెబుతున్నా, తొందరపడకండి. అలా మెరిసిపోయేవాటిలో చాలావాటికి లోపలి మెషీన్ పాతదే, డయల్‌కి మాత్రం కొత్తగా రంగు కొట్టించి అక్షరాలు అచ్చేయిస్తారు. ఫొటో పెద్దది చేసి చూడండి. అసలు డయల్ మీద అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి, కొత్త అచ్చులో సిరా కాస్త పాకినట్టు కనిపిస్తుంది. నిమిషాల ముల్లు చివర నిమిషాల గీతల దాకా అందాలి. పొట్టిగా ఉందంటే వేరే వాచీది తెచ్చి పెట్టారన్నమాట. యాభై ఏళ్ల వాచీకి డయల్ మీద చిన్న మచ్చ కూడా లేకపోతే సంతోషించకండి, అనుమానించండి.

రంగు కొట్టించిన వాచీ కట్టుకోవడం తప్పేమీ కాదు. దాన్ని ఒరిజినల్ అని అమ్మడం మోసం. మొదటి వాచీ మాత్రం షాపులో, మీ ఎదుటే వెనక మూత తీయించి, లోపల తుప్పు లేదని చూసుకుని కొనండి. అంతకన్నా ముందు మీ ఇంట్లో, తాతగారింట్లో బీరువాలు వెతకండి. ఆన్‌లైన్‌లోనే కొనాలంటే, ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి వాచీ నడుస్తున్న వీడియో పంపమనండి. పంపనివాడికి అడ్వాన్స్ వేయకండి.

ప్రశ్న: వెనక '30 మీటర్లు వాటర్ రెసిస్టెంట్' అని ఉంది. వానలో బండి మీద వెళ్లొస్తే గ్లాసు లోపల ఆవిరి పట్టింది. – ఎల్బీనగర్ పాఠకుడు

ఆ 30 మీటర్లు లోతు కాదు, కదలకుండా ఉంచి చేసే ప్రెషర్ పరీక్ష లెక్క. చేతులు కడుక్కుంటే, నాలుగు చినుకులు పడితే ఫర్వాలేదు. ఈత, షవర్, మన జూలై వానలో గంటసేపు బండి మీద ప్రయాణం దానికి మించిన పనులు. ఇలా రాసే పద్ధతి కొనేవాళ్లని తప్పుదారి పట్టిస్తోందని నా గట్టి అభిప్రాయం. బియ్యంలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ పట్టకండి, కీ బయటికి లాగకండి. ఇవాళే షాపుకి తీసుకెళ్లి మూత తీయించి ఆరబెట్టించండి, రేపటికి లోపల తుప్పు మొదలవుతుంది. మూత పెట్టేటప్పుడు రబ్బరు రింగు కొత్తది వేయమనండి. సెల్లు మార్పించిన ప్రతిసారీ ఆ రింగు కూడా చూడమని అడగండి. అడగకపోతే చాలా షాపుల్లో పాతదే పెట్టి బిగించేస్తారు.