కారు నడిపినందుకు హత్య కేసు: పదేళ్లు దాటాక దారి ఉందా?

ప్రశ్న: మా అన్నయ్య కుటుంబం కాలిఫోర్నియాలో ఉంటుంది. 2013లో వాళ్లబ్బాయికి 19 ఏళ్లు. ఇద్దరు స్నేహితులు ఒక దుకాణం దోచుకోవడానికి వెళ్తే వీడు కారు నడిపాడు. లోపల వాళ్లలో ఒకడు యజమానిని కాల్చి చంపాడు. మావాడు కారు దిగలేదు, వాడి దగ్గర తుపాకీ లేదు. విచారణకు వెళ్తే ఇంకా పెద్ద శిక్ష పడుతుందంటే భయపడి సెకండ్ డిగ్రీ మర్డర్ (తీవ్రతలో రెండో స్థాయి హత్య) ఒప్పుకున్నాడు. కనీసం 15 ఏళ్లు, ఆపైన యావజ్జీవం. వాడికి గ్రీన్ కార్డు ఉంది. చంపనివాడు హంతకుడెలా అయ్యాడు? ఒప్పుకున్నాక మళ్లీ కోర్టుకు వెళ్లొచ్చా?
– ఒక మేనత్త, గుంటూరు

జవాబు: వెళ్లొచ్చు. నేరం ఒప్పుకున్నవాళ్లకు ఈ అవకాశం లేదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. విచారణకు వెళ్తే హత్యానేరం పడే పరిస్థితి ఉండి, దానికి బదులుగా ఒప్పందానికి తలూపినవాళ్లు కూడా అర్హులేనని కాలిఫోర్నియా పీనల్ కోడ్ 1172.6 సెక్షన్‌లోనే ఉంది.

మీ మొదటి ప్రశ్నకు వస్తాను. అప్పుడు అక్కడ నడిచింది ఫెలనీ మర్డర్ రూల్. దోపిడీ, కిడ్నాప్, ఇల్లు తగలబెట్టడం, కారు లాక్కోవడం లాంటి కొన్ని నేరాలు జరుగుతుండగా ఎవరైనా చనిపోతే, ఆ నేరంలో చెయ్యి ఉన్న ప్రతివాడి మీదా హత్యానేరం పడేది. చంపే ఉద్దేశం ఉందని ప్రాసిక్యూషన్ రుజువు చేయనక్కర్లేదు. దోచుకునే ఉద్దేశం రుజువైతే చాలు.

ఇది అన్యాయమైన సూత్రం. మనిషి ఏం చేశాడు, ఏం తెలిసి చేశాడు అన్నవి వదిలేసి, పక్కవాడి వేలు ట్రిగ్గర్ మీద పడిందా లేదా అన్నదాన్ని బట్టి జీవితాన్ని తేల్చేస్తుంది. 1837లో మన శిక్షాస్మృతి ముసాయిదా రాసిన మెకాలే కూడా, నేరం చేస్తుండగా పొరపాటున సంభవించిన చావుకు హంతకుడి శిక్ష వేస్తే ప్రజల ప్రాణాలకు అదనంగా ఏ రక్షణా రాదని వాదించాడు. ఇంగ్లండ్ 1957లో ఈ సూత్రాన్ని రద్దు చేసింది. మిషిగన్ సుప్రీంకోర్టు 1980లో కొట్టేసింది. మన దగ్గరా దీని ఛాయ లేకపోలేదు: ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి బందిపోటు దోపిడీ చేస్తుండగా ఒకడు హత్య చేస్తే, భారతీయ న్యాయ సంహిత 310(3) కింద అందరికీ మరణశిక్ష దాకా పడవచ్చు.

కాలిఫోర్నియా 2019 జనవరి 1 నుంచి చట్టాన్ని మార్చింది, పాత శిక్షలకూ వర్తింపజేసింది. మరో రాష్ట్రం కొలరాడో 2021లో ఇదే నేరానికి శిక్ష తగ్గించినా, అప్పటికే శిక్ష పడినవాళ్లకు దాన్ని వర్తింపజేయలేదు. కొత్త చట్టం తెచ్చి, అదే తప్పుకు లోపల మగ్గుతున్నవాళ్లను మరిచిపోతే ఆ సంస్కరణ సగమే.

ఇప్పుడు అక్కడ ఫెలనీ మర్డర్ కింద దోషిగా తేలాలంటే ఆ మనిషి స్వయంగా చంపి ఉండాలి, లేదా చంపే ఉద్దేశంతో సాయపడి ఉండాలి, లేదా నేరంలో ముఖ్యపాత్రధారి అయి ఎదుటివాళ్ల ప్రాణాలంటే లెక్కలేనట్టు ప్రవర్తించి ఉండాలి. చనిపోయింది డ్యూటీలో ఉన్న పోలీసు అధికారి అయితే, ఆ సంగతి నిందితుడికి తెలిసినా, తెలిసి ఉండాల్సినా ఈ రక్షణ వర్తించదు. మీవాడి కేసు మూడో షరతు దగ్గరే తేలుతుంది. 2015లో బ్యాంక్స్ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చూసింది సరిగ్గా ఇలాంటి డ్రైవర్ పాత్రనే. సాయుధ దోపిడీ అని తెలిసి కారు నడిపినంత మాత్రాన చాలదని తేల్చింది. పథకం వేశాడా, తుపాకీ తెచ్చిచ్చాడా, కాల్చినవాడి గత హింస తెలుసా, ఆపగలిగినంత దగ్గరలో ఉన్నాడా, కాల్పుల తర్వాత ఏం చేశాడు అన్నవి చూడాలంది. అప్పీల్ కోర్టులు నిందితుడి వయసునూ లెక్కలోకి తీసుకుంటున్నాయి. 19 ఏళ్లు అన్నది మీకు బలం. తుపాకీ తనే కొనిచ్చాడనో, కాల్చినవాడు ఇదివరకూ ఎవరినో కాల్చాడని తెలుసనో రికార్డులో ఉంటే మాత్రం కేసు కష్టం.

1172.6 కింద పిటిషన్‌ను కుటుంబం వేయడం కుదరదు, అతనే ప్రమాణ పూర్వకంగా సంతకం చేయాలి. శిక్ష వేసిన కోర్టులో దాఖలు చేసి, డిస్ట్రిక్ట్ అటార్నీకి (ప్రాసిక్యూషన్ అధిపతి), పాత లాయరుకు లేదా ఆ కౌంటీ పబ్లిక్ డిఫెండర్‌కు (ప్రభుత్వం పెట్టే డిఫెన్స్ లాయరు) ప్రతులు పంపాలి. కేసు నంబరు, శిక్షపడిన సంవత్సరం, లాయరు కావాలా వద్దా అన్నవి తప్పక రాయాలి. కావాలనే రాయమనండి, పిటిషన్ సక్రమంగా ఉంటే కోర్టు ఉచితంగా లాయరును ఇవ్వాలి. ఫారంలో గడులకు టిక్కులు పెట్టి వదిలేయకూడదు. ప్రిలిమినరీ హియరింగ్ (కేసు విచారణకు నిలుస్తుందా అని ముందుగా చూసే దశ) రికార్డు అతనే కాల్చాడన్నట్టు ఉన్నప్పుడు వివరాల్లేని పిటిషన్ నిలవదని 2025లో ప్యాటన్ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పింది. కారు దిగలేదు, తుపాకీ లేదు లాంటి వివరాలు లాయరుతో మాట్లాడాకే, రికార్డుతో పొసిగేలా రాయాలి. ఈలోగా మీ అన్నయ్య అభియోగ పత్రం, ఒప్పందం ఫారం, ఒప్పుకున్న రోజు కోర్టు ట్రాన్‌స్క్రిప్ట్, ప్రిలిమినరీ హియరింగ్ ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించి ఉంచాలి.

ప్రాసిక్యూషన్‌కు జవాబు ఇవ్వడానికి 60 రోజులు, మీవాళ్లకు ప్రత్యుత్తరానికి 30 రోజులు. ప్రాథమికంగా అర్హత కనిపిస్తే పూర్తి విచారణ జరుగుతుంది. అక్కడ రుజువు భారం మళ్లీ ప్రాసిక్యూషన్‌దే, అదీ సందేహానికి తావు లేకుండా.

చాలామంది దెబ్బతినేది పెరోల్ బోర్డు దగ్గర. పశ్చాత్తాపం చూపించాలన్న తపనతో "నాకన్నీ తెలుసు, తప్పంతా నాదే" అనేస్తారు. ఆ మాటలు ఈ విచారణలో సాక్ష్యంగా చెల్లుతాయని 2021లో అప్పీల్ కోర్టు తీర్పు ఉంది. అబద్ధం చెప్పమని కాదు, చేయనిది నెత్తిన వేసుకోవద్దని. పెరోల్ విచారణకు ముందే పిటిషన్ లాయరుతో మాట్లాడాలి.

గెలిస్తే హత్యానేరం రద్దయి, దాని స్థానంలో అసలు నేరం మిగలవచ్చు. దుకాణంలో దోపిడీ సాధారణంగా సెకండ్ డిగ్రీ, శిక్ష 2, 3 లేదా 5 ఏళ్లు. ఇతర ఆరోపణలకు కొంత కలిసినా, ఇప్పటికే గడిపిన కాలం లెక్కలోకి వస్తుంది కాబట్టి విడుదలయ్యే అవకాశం ఎక్కువ. ఆపైన రెండేళ్ల వరకు పెరోల్ పర్యవేక్షణ ఉండవచ్చు.

గ్రీన్ కార్డు సంగతి వేరు. దోపిడీకి ఏడాది లేదా అంతకుమించి శిక్ష ఉంటే దాన్నీ దేశం నుంచి పంపేయదగిన తీవ్ర నేరంగానే చూస్తారు. జైలు గేటు దగ్గరే ఇమిగ్రేషన్ అధికారులు అదుపులోకి తీసుకోవచ్చు. అందుకే ఏ నేరం మిగలాలో ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయరు అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి. అంతకన్నా ముందు మీ అన్నయ్య, వదినల పౌరసత్వ పత్రాల మీద తేదీలు చూడండి. 2001 ఫిబ్రవరి 27న గానీ ఆ తర్వాత గానీ, అబ్బాయికి 18 నిండకముందే వాళ్లలో ఒకరైనా అమెరికా పౌరులుగా ఉండి, గ్రీన్ కార్డు ఉన్న అబ్బాయి వాళ్ల సంరక్షణలో, వాళ్లతోనే ఉంటే, అతను దరఖాస్తు లేకుండానే పౌరుడైపోయి ఉంటాడు. అదే నిజమైతే అతన్ని దేశం నుంచి పంపే ప్రశ్నే రాదు.