పోస్ట్‌మ్యాన్లకి ప్రత్యేకంగా ఒక రోజు ఉందా? ఆ రోజు వాళ్ళకి సెలవు ఇస్తారా?

రోజు ఉంది, సెలవు లేదు. అక్టోబర్ 9 ప్రపంచ తపాలా దినోత్సవం, 10 మన జాతీయ తపాలా దినోత్సవం, ఆ వారమంతా తపాలా వారోత్సవాలు. పేరుకి వారం రోజుల పండగ, తాళం మాత్రం ఒక్కరోజు కూడా పడదు. నన్నడిగితే పోస్టల్ వాళ్ళకి ఏడాది మొత్తంలో బీపీ పెరిగే వారం అదే. ఇంట్లో చూసి చెప్తున్నా, మా అమ్మ ఊళ్ళో బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్. బీపీఎం అంటారు, పాతవాళ్ళు ఇప్పటికీ ఈడీ (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్) పోస్ట్‌మాస్టర్ అనే అంటారు.

ఆ 9వ తేదీ ఎక్కడ్నుంచి వచ్చిందంటే, 1874లో అదే రోజు స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో దేశాల మధ్య తపాలా వ్యవహారాలు చూసే యూనివర్సల్ పోస్టల్ యూనియన్ (ఇప్పుడిది ఐక్యరాజ్యసమితి సంస్థ) పుట్టింది, 1969లో టోక్యోలో జరిగిన మహాసభలో దాన్ని తపాలా దినంగా పెట్టారు. తమాషా ఏంటంటే ఆ ప్రతిపాదన పెట్టింది మనవాడే, ఇండియా తరఫున వెళ్ళిన ఆనంద్ మోహన్ నరూలా. పెట్టినాయన పన్లో పనిగా "ఆ రోజు సిబ్బందికి సెలవు" అని ఇంకో లైన్ రాయించి ఉంటే మా అమ్మ ఆయన ఫోటోకి రోజూ దండ వేసేది.

వారోత్సవాలంటే ఏం చేస్తారని మీకు డౌట్ రావచ్చు. ఒక రోజు బ్యాంకింగ్, ఒక రోజు బీమా, ఒక రోజు స్టాంపులు, ఒక రోజు ఉత్తరాలు పార్శిళ్ళు, ఇలా రోజుకో పేరు, పేర్లు మధ్యమధ్యలో మారుస్తుంటారు కూడా. బయటివాళ్ళకి అది పండగ. బీపీఎంకి మాత్రం ఆ వారం ఎన్ని ఖాతాలు తెరిచావు, ఎన్ని పాలసీలు చేశావు అనే లెక్క. పొద్దున లేస్తే వాట్సాప్ గ్రూపులో అదే గోల.

ఒక ఏడాది సంగతి చెప్తా. ఆ సంవత్సరం దసరా కాస్త లేటుగా వచ్చింది కాబట్టి 9వ తారీకున బడి నడుస్తోంది, లేకపోతే మా తెలంగాణలో ఆపాటికి పిల్లలకి దసరా సెలవులు ఇచ్చేస్తారు. హెడ్ మాస్టర్ గారు మంచాయన, ముందు రోజే ఇంటికొచ్చి "మేడం, రేపు తపాలా దినోత్సవం కదా, మీకు చిన్న సన్మానం చేద్దామనుకుంటున్నాం, పిల్లలతో పోస్టుకార్డులు కూడా రాయిస్తాం" అన్నారు. అమ్మ ముందు సిగ్గుపడింది, తర్వాత ఒక్క క్షణం ఆలోచించి "సార్, ఆడపిల్లల తల్లుల్ని కూడా పిలుస్తరా, ఆధార్ కార్డులు, పాప పుట్టిన సర్టిఫికెట్, రెండు ఫోటోలు పట్టుకొని రమ్మనండి" అంది. ఆయనకి అర్థమయ్యి ఒకటే నవ్వు.

మర్నాడు సంచిలో డివైసు, సుకన్య సమృద్ధి ఫారాలు, గమ్ బాటిల్, స్టాంప్ ప్యాడ్ పెట్టుకొని బయల్దేరింది. శాలువా కప్పారు, బంతిపూల దండ వేశారు, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫోటో దిగడం అయిందో లేదో ఆ శాలువా అట్లాగే భుజం మీద ఉండగానే వరండాలో బెంచీ లాక్కొని కూర్చొని ఫారాలు నింపడం మొదలుపెట్టింది. పదేళ్ళ లోపు పాపకి 250 రూపాయలతో ఖాతా, ఎవరికైనా చెప్పడం ఈజీ, కానీ సర్టిఫికెట్‌లో పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి, ఒకావిడ తెచ్చింది పెద్ద పాప కార్డు, ఇంకొకావిడ పైసలు మా ఆయన పొలం నుంచి వచ్చినంక ఇస్త అంటుంది. మధ్యాహ్నం పిల్లలు అన్నాలకి వెళ్ళిపోయినా అమ్మ ఇంకా ఆ బెంచీ మీదే ఉంది, శాలువా కొస మీద వయొలెట్ ఇంకు మరక.

ఇక పోస్టుకార్డుల కథ. కార్డు ఇప్పటికీ యాభై పైసలే, ఆ రేటుకి ఇంకేం వస్తుందో చెప్పండి. సార్ అన్ని కార్డులు అడిగితే ఊళ్ళో స్టాకెక్కడిది, ముందు రోజే సబ్ ఆఫీసుకి ఫోన్ చేసి తెప్పించింది. పిల్లలు శ్రద్ధగా రాశారు పాపం, అడ్రస్ దగ్గర ఒకడు "మా నానమ్మ, బాయి పక్క ఇల్లు" అని రాశాడు, పిన్ కోడ్ జాగాలో వాళ్ళ నాన్న ఫోన్ నంబర్‌లో మొదటి ఆరు అంకెలు వేశాడు. ఒక్కో గడిలో ఒక్కో అంకె, ఆరు గడులు నిండాయి, వాడి తప్పేముంది. చూస్తే దాదాపు అన్నీ మా ఊరికే. అంటే పోస్టల్ వాళ్ళని గౌరవిద్దామని రాసిన ఉత్తరాలన్నిటికీ ముద్రలు కొట్టాల్సింది అమ్మ, ఇంటింటికీ పంచాల్సింది డాక్ సేవక్ అన్న. ఆయన "వచ్చే ఏడాది నన్ను గౌరవించకండమ్మా" అని దండం పెట్టాడు.

సెలవుల మాటకొస్తే ఇంకో బాధ. పోస్టాఫీసుకి వర్తించేది సెంట్రల్ లిస్టు, రాష్ట్రం ఇచ్చే సెలవులన్నీ రావు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 ఎలాగూ ఉంటాయి, మిగతా పండగలు లిస్టు చూసుకోవాలి. గ్రామీణ డాక్ సేవకులకి (బీపీఎంలు కూడా ఆ లెక్కలోకే వస్తారు) ఏడాదికి 20 రోజుల పెయిడ్ లీవ్, 5 రోజుల ఎమర్జెన్సీ లీవ్ కాగితం మీద ఉంది. కానీ మా ఇంట్లో అమ్మ లీవ్ పెడుతుందంటే తన బదులు కూర్చునే మనిషిని వెతకడమే పెద్ద పని, మా బాబాయి కొడుకు దొరక్కపోతే పెళ్ళికి కూడా పోదు. ఆదివారం సెలవే, కాకపోతే ఆఫీసు ఉన్నది మా ఇంటి ముందు గదిలో. ఎర్రబోర్డు కనిపిస్తుంటే జనం ఆగుతారా, "బిడ్డా, నా పింఛను పడ్డదా" అని అవ్వలు పొద్దున్నే అరుగు మీదకి వచ్చేస్తారు. ఆసరా పింఛన్లకి వేలిముద్ర పెట్టించే రోజుల్లో అయితే చెప్పనక్కర్లేదు, ముద్ర పడేది కాదు, చెయ్యి కడుక్కొని రా, కొబ్బరినూనె తుడుచుకో, మళ్ళీ పెట్టు. 2,016 రూపాయల్లో ఆ చివరి పదహారుకి చిల్లర లేక కిరాణా షాపుకి నన్నే తోలేది.

ఇంత చేసినా వీళ్ళు పూర్తి స్థాయి ప్రభుత్వ ఉద్యోగులు కారు. ఈడీ వాళ్ళది సివిల్ పోస్టే అని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది, అయినా రెగ్యులర్ వాళ్ళకొచ్చే పెన్షన్ వీళ్ళకి లేదు. వీళ్ళ జీతభత్యాల మీద వేసిన కమలేష్ చంద్ర కమిటీ 2016లో రిపోర్టు ఇస్తే అమలు కోసం 2018లో దేశమంతా సమ్మె చెయ్యాల్సి వచ్చింది. సరే, ఇది మీరు అడగలేదు.

మా పెద్దమ్మ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ క్రిస్మస్‌కి వాళ్ళ వీధి పోస్టాయనకి గిఫ్ట్ ఇస్తాడు, ఒకసారికి 20 డాలర్లు దాటకూడదు, నగదు అసలు ఇవ్వకూడదు అని రూల్ రాసి పెట్టారట. మన దగ్గర పోస్ట్‌మ్యాన్ దసరా మామూలు అడిగితే మాత్రం లంచం అడిగినట్టు మొహం పెడతారు, అదే జనం బిర్యానీ తెచ్చిన పిల్లాడికి యాప్‌లో టిప్ కొట్టి స్క్రీన్‌షాట్ పెడతారు. నా దృష్టిలో తెలుగువాళ్ళకి అసలైన పోస్ట్‌మ్యాన్ దినోత్సవం దసరానే, ఐక్యరాజ్యసమితి సంస్థ వచ్చి చెప్పేదాకా ఆగలేదు మనం. దీంట్లో ఎవరు వాదించినా నేను వినను.

మీ పోస్టల్ వాళ్ళకి ఏదైనా చెయ్యాలని ఉండి అడిగారనుకుంటా. దయచేసి 9న శాలువా తీసుకెళ్ళకండి, ఫోటోలకి నిలబడే టైం వాళ్ళకి ఉండదు. ఇంట్లో పదేళ్ళ లోపు ఆడపిల్ల ఉంటే పాప సర్టిఫికెట్, మీ ఆధార్, పాన్, 250 రూపాయలు పట్టుకొని ఆ వారంలోనే వెళ్ళండి, పేర్ల స్పెల్లింగ్ మాత్రం ఇంటి దగ్గరే సరిచూసుకోండి.